ఇన్‌తోక్సికాదో: చుట్టరికం ఉన్న మాటల చరిత్ర

1980 జనవరిలో దక్షిణ ఫ్లోరిడాలోని ఒక ఆసుపత్రికి పద్దెనిమిదేళ్ళ కుర్రవాడిని అంబులెన్సులో తీసుకొచ్చారు. బేస్‌బాల్ ఆడే ఆరోగ్యవంతుడు. ఆ రోజు ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి వచ్చింది. ఆ తరువాత స్పృహ తప్పింది. వెంట వచ్చినవారు తల్లి, చెల్లెలు, అతని స్నేహితురాలు, ఆమె తల్లి. క్యూబా మూలాలున్న కుటుంబం, ఇంట్లో స్పానిష్. ఏమైందని అడిగిన వైద్యుడికి వాళ్ళు తమకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో చెప్పిన వివరంలో ఒక స్పానిష్ మాట దొర్లింది: ఇన్‌తోక్సికాదో. సరిగా ఉడకని హాంబర్గర్ తిన్నందువల్ల కుర్రవాడికి తిండి విషమైందని వాళ్ళ అనుమానం. ఆ మాట వైద్యుడికి ఇంటాక్సికేటెడ్ అని వినిపించింది. మత్తు పదార్థమేదో మోతాదు మించి తీసుకున్నాడన్న నిర్ణయానికి వచ్చి, ఆ దారిలోనే చికిత్స మొదలుపెట్టారు.

నిజానికి అతని మెదడులో రక్తస్రావం జరుగుతున్నది. ఇంటెన్సివ్ కేర్‌లో రెండు రోజులకు పైగా అది అలాగే సాగింది. నాడీవ్యవస్థను మళ్ళీ పరీక్షించి అసలు సంగతి గుర్తించేసరికి ఆలస్యమైపోయింది. కాళ్ళూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడ్డాయి. తరువాత నడిచిన దావాలో కుదిరిన పరిహారం, అతని జీవితకాలమంతటికీ లెక్కగట్టి, సుమారు 7.1 కోట్ల డాలర్లు.

అమెరికాలో ఆసుపత్రి దుబాసీలకు శిక్షణ ఇచ్చే తరగతుల్లో ఈ కథను తరచుగా చెబుతారు. ఒక్క మాటను తప్పుగా అనువదించినందుకు చెల్లించిన మూల్యమని దానికి శీర్షిక పెడతారు. ఆ శీర్షికలో ఒక లోపం ఉంది. అక్కడ అనువాదమనేదే జరగలేదు. కుటుంబం దుబాసీని కోరలేదు, ఆసుపత్రి పిలిపించలేదు. తమ మాట అవతలివారికి చేరిందని వాళ్ళూ, తమకు అర్థమైందని వీళ్ళూ అనుకున్నారు. వాళ్ళు చెప్పిన మాట వైద్యుడు ఎన్నడూ విననిదై ఉంటే, ఏమిటమ్మా అది అని ఆయన తప్పకుండా మళ్ళీ అడిగేవాడు. తెలిసిన మాటలా వినపడటమే ఆ ప్రశ్నను ఆపేసింది.

ఈ మాట పుట్టుకలోనే విషం ఉంది. గ్రీకులో తోక్సోన్ అంటే విల్లు. బాణాల ములుకులకు పూసే విషాన్ని తోక్సికోన్ అన్నారు. లాటిన్‌లోకి వచ్చేసరికి తోక్సికుమ్ అయి, విల్లుతో సంబంధం మరుగునపడి, ఒట్టి విషం మిగిలింది. మధ్యయుగపు లాటిన్‌లో దానినుంచి విషం పెట్టడం అన్న క్రియ పుట్టింది. స్పానిష్ ఆ అర్థాన్ని పెద్దగా మార్చకుండా నిలుపుకున్నది. పాడైన తిండి, పడని మందు, పీల్చిన పొగ, ఏదైనా సరే, ఒంట్లో చేరి చెరుపు చేస్తే ఆ మనిషి ఇన్‌తోక్సికాదో. క్యూబావారి వాడుకలో దీని పరిధి ఇంకా విశాలం. ఇంగ్లీషులో కూడా మొదట్లో ఈ క్రియకు విషం పెట్టడమనే అర్థం ఉండేది. రానురాను మద్యం తలకెక్కడమనే అర్థం పైకి వచ్చి, సామాన్యుడి వాడుకలో అదొక్కటే నిలిచింది.

సామాన్యుడి వాడుకలో అనడానికి కారణం ఉంది. వైద్యుల ఇంగ్లీషులో పాత అర్థం చావలేదు. నీరు మితిమీరి తాగి రక్తంలో సోడియం పడిపోతే దానిని వాటర్ ఇంటాక్సికేషన్ అంటారు. గుండెజబ్బుకు వాడే డిజిటాలిస్ ఎక్కువైతే డిజిటాలిస్ ఇంటాక్సికేషన్. ఆ స్థితుల్లో ఉన్న రోగిని తాగుబోతు అని ఎవరూ అనుకోరు. అంటే స్పానిష్ అర్థం వైద్యుల పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నది. అయినా ఆ రాత్రి అది అక్కరకు రాలేదు. దక్షిణ ఫ్లోరిడా ఆ రోజుల్లో కొకైన్ రవాణాకు ముఖ్యద్వారం. స్పృహ లేని పద్దెనిమిదేళ్ళ కుర్రవాడిని చూడగానే ఏ ఊహ ముందుగా వస్తుందో చెప్పనక్కరలేదు. ఆ ఊహకు చెవిన పడిన మాట సాక్ష్యం పలికింది. మొదట తట్టిన రోగనిర్ధారణను పట్టుకుని వేలాడటం వైద్యంలో పాత జబ్బే. ఇక్కడ దానికి నిఘంటువు తోడైంది.

ఇంగ్లీషు జర్మానిక్ కుటుంబపు భాష, స్పానిష్ లాటిన్ సంతానం. పుట్టుక వేరైన ఈ రెండు భాషల్లో ఒకే పోలికగల మాటలు వేల సంఖ్యలో ఉండటానికి కారణం ఎరువు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత పాలకుల భాష ఫ్రెంచి అయింది. కచేరీ, వంటశాల, దుస్తులు, వైద్యం, అన్నిటా ఫ్రెంచి మాటలు దిగాయి. వాటి మూలం లాటిన్. ఆ పైన పునరుజ్జీవన కాలపు పండితులు నేరుగా లాటిన్ గ్రంథాల నుంచి బుట్టలకొద్దీ మాటలు తెచ్చుకున్నారు. స్పానిష్‌ది మరో దారి. రోమను సైనికులు, వర్తకులు మాట్లాడిన లాటిన్ జనం నోళ్ళలో నలిగి నలిగి స్పానిష్ అయింది. తరువాత అక్కడి పండితులూ లాటిన్ గ్రంథాల వైపు చూసి పాత మాటలను కొత్తగా తెచ్చుకున్నారు.

తెలుగు వ్యాకరణం చదువుకున్నవారికి ఇందులో తికమక ఉండదు. స్పానిష్‌లో లాటిన్ తద్భవాలూ ఉన్నాయి, తత్సమాలూ ఉన్నాయి. దెలికాతుస్ అన్న ఒకే లాటిన్ మాటకు జనం నోట నలిగిన తద్భవం దెల్గాదో, అంటే సన్నని. పండితులు తెచ్చిన తత్సమం దెలికాదో, అంటే సుకుమారమైన. ఈ రెండవ మాటనే మంచం పట్టిన మనిషి గురించి చెబితే, పరిస్థితి విషమంగా ఉందని తాత్పర్యం. ఇంగ్లీషు డెలికేట్ వినపడితే ఎవరికీ అంత కంగారు పుట్టదు.

లాటిన్ అక్కడ చేసిన పనినే భారతదేశంలో సంస్కృతం చేసింది. హైదరాబాదు దాటి ఉత్తరానికి వెళ్ళిన తెలుగువాడికి అవసరం హిందీలో అవకాశంగా, ఉపన్యాసం నవలగా, వ్యవసాయం వృత్తివ్యాపారాలుగా, అనుమానం అంచనాగా ఎదురవుతాయి. శిక్ష అక్కడ చదువు. మన బళ్ళలో బెత్తం ఆడిన రోజులు తలచుకుంటే ఆ రెండర్థాలూ మరీ అంత దూరం కావేమో! ఇవి ఎవరో చేసిన పొరపాట్లు కావు. ఒకే విత్తనాన్ని రెండు నేలల్లో నాటినప్పుడు, ఒక్కొక్క సమాజం తనకు కావలసిన కొమ్మను పెంచుకుని మిగిలినది కొట్టేస్తుంది.

ఫ్రెంచి ఆచార్యులు కెస్లెర్, దెరొకిన్యీ 1928లో ఇంగ్లీషు పదజాలం చేసే ద్రోహాలపై ఒక పుస్తకం వేస్తూ ఇలాంటి జంటలకు కపటమిత్రులు అని పేరు పెట్టారు. ఆ పేరు ఇంగ్లీషులోకీ స్పానిష్‌లోకీ వెళ్ళి స్థిరపడింది. పేరు ముచ్చటగా ఉన్నా న్యాయంగా లేదు. వీటిలో చాలావరకు కపటులు కారు. విడిపోయి వేరు కాపురాలు పెట్టిన దాయాదులు. ఈ తేడా పట్టించుకోవలసినదే, ఎందుకంటే దాయాదుల మధ్య అర్థం కొంత కలుస్తుంది, ప్రమాదం ఆ కలిసే చోటనే ఉంటుంది.

లాటిన్‌లో కోన్‌స్తిపారె అంటే కిక్కిరిసేలా కుక్కడం, బిగించడం. ఆ బిగింపు ఇంగ్లీషు వైద్యంలో పేగులకు చేరి కాన్‌స్టిపేషన్ అయింది. స్పెయిన్‌లో అది ముక్కుకు చేరింది: అక్కడ కోన్‌స్తిపాదో అంటే జలుబు చేసినవాడు. మలబద్ధకానికి వాళ్ళ మాట పూర్తిగా వేరు. ఇక్కడితో ఆగితే కంఠస్థం చేసి బయటపడవచ్చు. కానీ లాటిన్ అమెరికాలో కొన్ని ప్రాంతాలవారు ఇదే మాటను మలబద్ధకానికి కూడా వాడతారు. అందువల్ల జలుబుకు వచ్చిన మనిషికి విరేచనాల మందు రాసే ప్రమాదం ఎంత ఉందో, మలబద్ధకంతో వచ్చినవాడికి ముక్కుచుక్కలు రాసే ప్రమాదమూ అంతే ఉంది. మాట ఒక్కటి తెలిస్తే చాలదు, రోగి ఏ దేశం నుంచి వచ్చాడో కూడా తెలియాలి.

ఎంబరసాదా సంగతి చాలామందికి తెలిసినదే. స్పానిష్‌లో గర్భవతి, ఇంగ్లీషు చెవికి సిగ్గుపడినది. నవ్వుకోవడానికే దీన్ని ఉదహరిస్తారు గాని దీని చరిత్ర నవ్వు కన్నా బాగుంటుంది. ఇంగ్లీషు ఎంబరాస్ ఫ్రెంచి నుంచి వచ్చింది; ఫ్రెంచివారు దాన్ని స్పానిష్ నుంచే తీసుకున్నారు. మొదటి అర్థం అడ్డుపడటం, కదలనివ్వకపోవడం. మూలంలో తాడు అనే అర్థమిచ్చే పోర్చుగీసు మాట ఉండి ఉండవచ్చునని నిరుక్తకారులు భావిస్తారు. నిండు నెలల మనిషి కదలికకు కలిగే ఇబ్బంది స్పానిష్‌లో నిలిచింది. నలుగురిలో కాళ్ళు కట్టేసినట్టయ్యే ఇబ్బంది ఇంగ్లీషులో నిలిచింది. ఈ మాటతో కంపెనీల ప్రకటనలు నవ్వులపాలయ్యాయని చెప్పే కథల్లో చాలావాటికి ఆధారం కనపడదు. పేరులోనే కదలదు అనే అర్థం ఉన్నందువల్ల స్పానిష్ దేశాల్లో షెవర్లే నోవా కారు అమ్ముడుపోలేదన్న కథ కూడా ఆ కోవలోదే. అక్కడ ఆ కారు బాగానే అమ్ముడైంది.

వైద్యుల ఆసక్తికి తగిన మాట మరొకటి ఉంది. లాటిన్‌లో ఎక్సితుస్ అంటే బయటికి పోవడం, ఆ మీదట పర్యవసానం. ఇంగ్లీషు మొదటి అర్థాన్ని తలుపు మీద బోర్డుగా పెట్టుకున్నది. స్పానిష్‌లో ఎక్సితో అంటే మంచి పర్యవసానం, విజయం. స్పానిష్ ఆసుపత్రుల కేసుషీట్లలో మాత్రం ఆ లాటిన్ మాటనే యథాతథంగా, ఎక్సితుస్ అని రాస్తారు. అక్కడ దాని అర్థం మరణం. చివరి అచ్చుకూ హల్లుకూ ఉన్న తేడాలో విజయం, మరణం రెండూ ఇమిడిపోయాయి. అగోనియా కూడా ఇలాంటిదే. ఇంగ్లీషులో తీవ్రమైన బాధ అయిన ఆ మాట, స్పానిష్ వైద్యంలో ముందుగా సూచించేది ప్రాణం పోయే ముందరి ఘడియలను. ఇంగ్లీషు వ్యాసంలోని బాధను స్పానిష్‌లోకి అదే మాటతో దించితే, బతికి బట్టకట్టే రోగి కాస్తా అవసానదశకు చేరతాడు.

చుట్టరికమే లేని పోలికలూ ఉన్నాయి. ఇంగ్లీషులో ఒకసారి అనడానికి వాడే వన్స్‌ను రాసే నాలుగు అక్షరాలే స్పానిష్‌లో ఓన్సే, అంటే పదకొండు. మొదటిది జర్మానిక్ ఒకటి నుంచి, రెండవది లాటిన్ పదకొండు నుంచి వచ్చాయి. కలిసింది స్పెల్లింగు మాత్రమే. మందుసీసా మీది చీటీలో సగం స్పానిష్‌లోకి మారి ఈ ఒక్క మాట ఇంగ్లీషులోనే మిగిలిపోతే, రోజుకు ఒకసారి వేసుకోవలసిన రక్తపోటు మాత్ర రోజుకు పదకొండుగా చదువుకోవచ్చు. ఇది ఊహించి చెప్పే భయం కాదు. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో ఫార్మసీల కంప్యూటర్లు తయారుచేసే స్పానిష్ చీటీలను పరిశీలించి 2010లో ఒక పిల్లల వైద్యపత్రిక ప్రచురించిన అధ్యయనం, వాటిలో సగం తప్పులతో ఉన్నాయని తేల్చింది. ఈ ఓన్సే ప్రమాదాన్ని కూడా అది ఎత్తిచూపింది.

ఈ రెండు భాషలకూ నిఘంటువులు లేకనా? 1588లో స్పానిష్ నౌకాదళం ఇంగ్లండు మీదికి వచ్చి ఓడిపోయింది. మూడేళ్ళకు, 1591లో, రిచర్డ్ పెర్సివల్ లండనులో ఒక స్పానిష్ వ్యాకరణాన్నీ, దానితోపాటు స్పానిష్ మాటలకు ఇంగ్లీషు, లాటిన్ అర్థాలిచ్చే నిఘంటువునూ అచ్చువేశాడు. ఆ యుద్ధంలో పట్టుబడిన స్పానిష్ ఖైదీల సాయం తీసుకున్నానని ముందుమాటలో చెప్పుకున్నాడు. 1599లో జాన్ మిన్‌షూ దానిని పెంచి పెద్దది చేశాడు. పెర్సివల్ పుస్తకంలో రెండు భాషలకూ లాటిన్ కాపలా కాస్తూ ఉండటం గమనించదగ్గది. ఆ కాలపు చదువరికి మూలార్థం తెలుసు గనుక దాయాదులు ఎక్కడ విడిపోయారో కనిపెట్టగలిగేవాడు. లాటిన్ చదువు పోయాక మిగిలింది పోలిక ఒక్కటే. స్పెయిన్ వైద్యుడు ఫెర్నాందో నవార్రో 2000లో ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి వచ్చే వైద్యపదాల సందేహాలకే ప్రత్యేకంగా ఒక నిఘంటువు వెలువరించాడు. వైద్యుడికి బాగా తెలుసుననిపించే మాటలే అందులో ఎక్కువ చోటు ఆక్రమించాయి. మందు అనే అర్థంలోని డ్రగ్‌ను ద్రోగా అనవచ్చునా, జబ్బు తీవ్రతను చెప్పే సివియర్‌ను సెవేరో అనవచ్చునా అన్నవి అక్కడి వైద్యుల మధ్య ఏళ్ళుగా నలుగుతున్న వాదాలు.

పుస్తకాలు ఉన్నంత మాత్రాన ఎమర్జెన్సీ గదిలో దుబాసీ ఉండడు. ఆ లోటు భాషాచరిత్రది కాదు, రాజకీయ చరిత్రది. 1848 ఫిబ్రవరిలో కుదిరిన గ్వాదలూపే హిదాల్గో ఒప్పందంతో మెక్సికో తన ఉత్తర భూభాగాన్ని అమెరికాకు వదులుకున్నది. అంటే స్పానిష్ మాట్లాడే ఎందరో కదలకుండానే మరో దేశంలో పడ్డారు. 1849 కాలిఫోర్నియా రాజ్యాంగం చట్టాలను స్పానిష్‌లో కూడా ప్రకటించాలన్నది. 1879లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ హామీ మాయమైంది. ఫ్లోరిడాలో ఇదే కథ వందేళ్ళ తరువాత, మరింత వేగంగా నడిచింది. 1959 క్యూబా విప్లవం తరువాత వేలాదిమంది మయామీ చేరారు. ఆ నగరమున్న డేడ్ కౌంటీ 1973లో తనను తాను ద్విభాషా ప్రాంతంగా ప్రకటించుకున్నది. 1980 వసంతంలో మరియెల్ రేవు నుంచి లక్షమందికి పైగా క్యూబన్లు పడవల్లో వచ్చారు. ఆ నవంబరులోనే డేడ్ ఓటర్లు, ఇంగ్లీషు తప్ప మరో భాష వాడకానికి కౌంటీ డబ్బు ఖర్చుచేయరాదన్న నిబంధనను గెలిపించారు. ఆ కుర్రవాడు మంచానికి అంటుకుపోయి అప్పటికి ఏడాదైనా కాలేదు. 1984లో అత్యవసర వైద్యసేవల వంటివాటికి మినహాయింపు ఇచ్చారు. నిబంధన మొత్తం రద్దయింది 1993లో.

న్యాయస్థానాలు ఈ విషయంలో ఆసుపత్రుల కన్నా ముందున్నాయి. కోర్టు దుబాసీల చట్టం 1978లో వచ్చింది. దాని ప్రకారం సమాఖ్య న్యాయస్థానాల దుబాసీలకు మొట్టమొదటి అర్హతా పరీక్షను 1980లోనే పెట్టారు, అదీ స్పానిష్‌కే. ముద్దాయి మాటను తర్జుమా చేసేవాడికి పరీక్ష వచ్చిన ఏడాదిలోనే, రోగి మాటను తర్జుమా చేయవలసిన పని బంధువుల మీద పడింది. వైద్య దుబాసీలకు దేశవ్యాప్తంగా అర్హతలు నిర్ణయించే సంస్థలు ఏర్పడటానికి 2009 దాకా పట్టింది. 1964 పౌరహక్కుల చట్టం సమాఖ్య నిధులు పొందే సంస్థలు జాతీయమూలాన్నిబట్టి వివక్ష చూపరాదన్నది. భాష కూడా ఆ పరిధిలోకి వస్తుందని ప్రభుత్వ సంస్థలకు వివరంగా చెప్పిన అధ్యక్ష ఉత్తర్వు 2000 ఆగస్టులో వచ్చింది. 2025 మార్చిలో ఇంగ్లీషును అధికారభాషగా ప్రకటించిన మరో ఉత్తర్వు దానిని రద్దుచేసింది. ఆరోగ్య సంస్థలకు అర్హులైన దుబాసీలు ఉండాలనీ, అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లల చేత తర్జుమా చేయించకూడదనీ 2016లో ఆరోగ్యచట్టం కింద వచ్చిన నియమాల మూలం వేరే గనుక ఆ రద్దు వాటిని తాకలేదు.

ఇంతలో మాటలు తమ దారిన తాము నడుస్తూనే ఉన్నాయి. అమెరికాలో పుట్టి పెరిగిన మూడవ తరం స్పానిష్ మీద ఇంగ్లీషు నీడ పడింది. తాగి కారు నడపడాన్ని గురించి చెప్పేటప్పుడు ఇక్కడి స్పానిష్‌లో ఇన్‌తోక్సికాదో అనే మాట వినిపిస్తున్నది. ఒకే ఇంట్లో అమ్మమ్మకు ఆ మాట పాడైన తిండి, మనవడికి మద్యం. 1980లో ఆ వైద్యుడు చేసుకున్న అర్థం ఆనాటికి తప్పు. ఈనాడు కొన్ని నోళ్ళలో అది ఒప్పు కూడా కావచ్చు. కనుక టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో స్పానిష్ రోగులను చూసే తెలుగు వైద్యుడు కపటమిత్రుల జాబితా ఎంత శ్రద్ధగా వల్లెవేసినా, ఆ మాట విన్నప్పుడు ఏం తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు, తలనొప్పి ముందా స్పృహ తప్పడం ముందా అని దుబాసీ ద్వారా విడివిడిగా అడగక తప్పదు. ఏం తీసుకున్నాడని అడిగేటప్పుడు మరికొంత జాగ్రత్త కావాలి. స్పానిష్ తోమార్‌కు తీసుకోవడం అనీ తాగడం అనీ రెండర్థాలున్నాయి. లాటిన్ అమెరికాలో తోమాదో అంటే తాగి ఉన్నవాడు.